వజ్రమ్మ అడిగిన చుక్క

చైత్ర బహుళ దశమి. గాలి దక్షిణం నుంచి, మెత్తగా.

ఇది తెప్పలూరు తూర్పు వరస కట్టుకాపరి రాత. రాసేది సైకం అంకాలు. తెప్పకీ తెప్పకీ మధ్యన తాళ్ళు, గొలుసులు, రబ్బరు దిమ్మలు ఎట్టా ఉన్నాయో రోజూ రాయాలని ఊరి రూలు. నోటితో చెబితే రాసుకునే పెట్టె ఒకటి నాకిచ్చారు. నేను "తాడు పొరలు లేచింది" అంటే అది "తాడు కొంతమేర అరుగుదలకు లోనైనది" అని రాస్తుంది. నా నోటెంట ఆ మాట ఎప్పుడైనా వచ్చిందా? పెట్టె మీద గుడ్డ కప్పేసి చేత్తోనే రాస్తున్నా. నా అక్షరాలు పెద్దవి, కాయితం ఎక్కువ పడుద్ది. పడనీ.

తాళ్ళు బాగున్నాయి. వంటతెప్ప గొలుసుకి తుప్పు గీకి చేపనూనె పట్టించా.

ఇంకో సంగతి. నేను పెళ్ళి చేసుకుంటున్నా. పెళ్ళికూతురు మన్నుతొట్ల వజ్రమ్మ. తాళ్ళ రాతలో పెళ్ళి కబుర్లేందని ఎవరైనా అడిగితే, వచ్చి ఆ తాళ్ళేవో వాళ్ళనే చూసుకోమనండి.

వజ్రమ్మది మా ఊరు కాదు. గట్టు మనిషి. సముద్రం ఇంకా ముంచని చోటు నుంచి, పోయిన కార్తీకంలో పడవ నిండా మట్టి వేసుకుని వచ్చింది, మాకు ఆకుకూరలు పండించి పెట్టడానికి. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు ఆ మట్టి చుట్టూ మూగి వాసన చూశారు. కొందరు నాకారు. వచ్చిన మొదటి నెలంతా ఆమెకి వాంతులే. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని తోటకూర విత్తనాలు చల్లింది. నేను తొట్ల తాళ్ళు బిగించే వంకన రోజూ పోయేవాణ్ణి. బిగించిందే మళ్ళీ బిగించేవాణ్ణి. ఒకరోజు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంకా బిగిస్తే తొట్టి పగులుద్ది. అడగాల్సింది ఏదో అడుగు" అంది.

అడిగా. నాకు డెబ్భై దాటాయి, ఆమెకి అరవై దాటాయి. సిగ్గుపడటానికి టైము లేదు.

సరేనంది. కానీ ఒక షరతు పెట్టింది.

"అరుంధతీ నక్షత్రం చూపించాలి. అది చూశాకే తాళి."

"తాళి కట్టినాక కదా చూపిస్తారు?"

"నా మొదటి పెళ్ళిలో అట్టాగే చూపించారు. మిట్టమధ్యాహ్నం, షామియానా కింద. పంతులు పైకి చెయ్యెత్తి 'కనపడిందా అమ్మా' అన్నాడు. అందరూ నవ్వుతున్నారు. నేనూ కనపడిందన్నా. నాకు కనపడింది షామియానా గుడ్డ. కాపురం కూడా అట్టాగే నడిచింది అంకాలయ్యా. లేనిదాన్ని ఉందనుకుంటా, ఆయన పోయేదాకా. ఈసారి కళ్ళతో చూస్తేనే కనపడిందంటా."

చిక్కేందంటే, ఆమెకి దూరపు చూపు ఆనదు. కళ్ళజోడు పెట్టినా అంతే. ఆకాశం వంక చూస్తే బూడిద జల్లినట్టుంటుందట. చేతిలో ఉన్నది మాత్రం చీమ కాలైనా కనపడుద్ది. అంటే చుక్కని ఆమె చేతిలోకి తేవాలి. ఫొటో తియ్యాలి.

"ఓస్, ఇంతేనా" అన్నా.

చైత్ర బహుళ ద్వాదశి. గాలి అట్టాగే ఉంది.

తాళ్ళు బాగున్నాయి.

పంపుల తాతారావు పరిగెత్తుకొచ్చాడు. తెప్పల అడుగుల్లోకి ఊరే నీళ్ళు తోడిపోసే పంపులన్నీ అతని చేతికిందే ఉంటాయి. నాకు బావ వరస. ఎవరింట్లో ఏ కూర వండారో కూడా అతనికే ముందు తెలుసుద్ది.

"బావా, ఇదిగో నా చూపుపలక. దీంతో తీస్తే చుక్క చుక్కలాగా పడుద్ది, పక్కన నిలబడ్డ పెళ్ళికూతురు పదహారేళ్ళ పిల్లలా పడుద్ది. నువ్వు మాత్రం నువ్వులానే పడతావు, దానికీ చేతకాని పనులుంటాయి" అన్నాడు.

దీపాలు పెట్టాక ముగ్గురం తొట్ల దగ్గర నిలబడ్డాం. తాతారావు పలకని ఉత్తరం వైపు ఎత్తాడు. టక్కున బొమ్మ వచ్చింది. సప్తర్షులు ఏడుగురూ వరసలో ఉన్నారు. తోక చివరి నుంచి రెండోది వసిష్ఠుడు, పక్కనే అంటుకున్నట్టు అరుంధతి. ముత్యాల్లా ఉన్నాయి. నాకే కళ్ళు చెదిరాయి.

వజ్రమ్మ ముక్కుకి ఆనించుకుని చూసింది. కొంగు తీసి పలక కంటికి అడ్డం పెట్టి, "ఇప్పుడు తియ్యి" అంది.

తాతారావు తీశాడు. బొమ్మలో సప్తర్షులు అట్టాగే ఉన్నారు. అరుంధతి ఇంకా మెరుస్తోంది.

"ఇది కూడా ఆ పంతులు లాంటిదే. చూడకుండానే కనపడిందంటుంది" అంది వజ్రమ్మ.

తాతారావు పలకని వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. వాళ్ళ పెళ్ళి ఫొటోలన్నీ ఆ పలకతో తీసినవే. ఇంటికి పోయి వాళ్ళావిడని ఎగాదిగా చూశాడని తర్వాత తెలిసింది.

నా దగ్గర అసలు కెమెరా ఉంది. సరుకు పడవ మీద వచ్చిన మనిషి దగ్గర తాడు చుట్ట ఒకటిచ్చి తీసుకున్నా, ఊరు కట్టిన కొత్తలో. తెగిన తాళ్ళ ఫొటోలు దాంతోనే తీస్తా. దానికి బుద్ధి లేదు. ముందు ఉన్నదాన్ని తీస్తుంది, లేనిదాన్ని తియ్యదు. ఈ ఊళ్ళో దాన్ని వాడటం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరినీ ఏదీ అడగనక్కర్లేదు.

చైత్ర అమావాస్య. గాలి పడిపోయింది. కటిక చీకటి.

వంటతెప్ప గొలుసు మళ్ళీ మోగుతోంది. రేపు చూస్తా.

చుక్కలు తియ్యడానికి ఇంతకంటే మంచి సాయంత్రం ఉండదు. కెమెరాని మూడు కాళ్ళ స్టాండు మీద పెట్టా. పగలు తీసేటప్పుడు చక్రాన్ని ఆటో మీద పెడతా, అదే చూసుకుంటుంది. ఆటో మీద పెట్టి నొక్కితే నల్ల బొమ్మ పడింది.

"ఇదేంది?" అంది వజ్రమ్మ.

"రాత్రి."

"రాత్రి నాకూ కనపడతానే ఉంది. చుక్క ఏదీ?"

సరే, చక్రం మీద రెండు కొండల్లా ఉండే ఇంగ్లీషు ఎం అక్షరం ఉంటుంది, దాని మీదికి తిప్పా. అక్కడ పెడితే అన్నీ మనమే చెప్పాలి. చెప్పాల్సినవి మూడు. ఒకటి అపెర్చరు, అంటే కెమెరా కంటిపాప ఎంత తెరుచుకోవాలో. రెండోది షట్టరు, రెప్ప ఎంతసేపు ఎత్తి ఉంచాలో. మూడోది ఐఎస్ఓ. దాన్ని నేను కారం అంటా. కూరకి కారం ఎంత వెయ్యాలో అంత వెయ్యాలి. తక్కువైతే బొమ్మ చప్పగా నల్లగా ఉంటుంది. ఎక్కువైతే కారమే మిగులుద్ది, కూర ఉండదు.

మొదట కారం దండిగా వేశా. చీకటి కదా అని. బొమ్మ తెల్లగా వచ్చింది, చుక్కలే చుక్కలు. నాకు ఛాతీ ఉప్పొంగింది.

వజ్రమ్మ చూసి చూసి, "ఇది బొంబాయి రవ్వ ఆరబోసినట్టుంది. ఇందులో అరుంధతి ఏది? వెయ్యి మంది ఉన్నారు. ఎవరికని దణ్ణం పెట్టను?" అంది.

నిజమే. ముసలి కెమెరాకి కారం పడలేదు. బొమ్మంతా పొక్కులే. అందులో చుక్క ఏదో పొక్కు ఏదో దేవుడికి తెలియాలి.

కారం బాగా తగ్గించా. తగ్గిస్తే వెలుతురు చాలదు, అందుకని కంటిపాప ఎంతవరకు తెరుచుకుంటుందో అంతా తెరిచా. రవ్వ పోయింది. కానీ ఒక్కో చుక్కకీ రెక్కలు మొలిచాయి. కంటిపాప మరీ బార్లా తెరిస్తే ఈ అద్దానికి అదో జబ్బు. వసిష్ఠుడి రెక్కల కింద అరుంధతి ఎక్కడో దూరిపోయింది.

"ఒకటే ఉంది" అంది వజ్రమ్మ.

"రెండు ఉన్నాయి. అతుక్కున్నాయి."

"అతుక్కుంటే ఒకటే."

వాదించి లాభం లేదు. ఆమె పక్కన కూచుని అల్లం ముక్క నాకూ ఒకటి పెట్టింది. పెళ్ళి కాకముందే ఇంత సరదాగా ఉంటే అయ్యాక ఎట్టా ఉంటుందో అనుకున్నా.

వైశాఖ శుద్ధ తదియ. గాలి నైరుతి.

మంచి రోజని నరహరి పంతులు ముహూర్తం పెట్టాడు. వైశాఖ బహుళ సప్తమి, దీపాలవేళ దాటాక. ఆ రోజుకి చంద్రుడు పొద్దుపోయిగానీ లేవడు, ఆకాశం నల్లగా దొరుకుతుంది. ఇది తప్పితే మబ్బులు పట్టేస్తాయి. వానలు వెనక్కి పట్టేసరికి సప్తర్షులు సాయంత్రాలు కనపడరు. మళ్ళీ వచ్చే ఏడే.

"వచ్చే ఏటి దాకా ఉంటామని నాకేం పూచీ?" అన్నా పంతులుతో.

"అందుకే నా మాట వినండి అంకాలు గారూ. మండపం కప్పుకి ఒక దీపం కడదాం, దాన్నే అరుంధతి అనుకుందాం. అందరికీ అట్టాగే కానిస్తున్నా" అన్నాడు. మంచివాడే, పని తెమలాలంటాడు.

"ఆ మాట వజ్రమ్మతో అను" అన్నా. అనలేదు.

ఇవాళ కంటిపాపని రెండు మెట్లు మూశా. చుక్కల రెక్కలు ముడుచుకుంటాయి. మూస్తే వెలుతురు తగ్గుద్ది, కారం పెంచకూడదు, అంటే రెప్ప ఎక్కువసేపు ఎత్తి ఉంచాలి. ఎనిమిది సెకన్లు పెట్టా. అంతకు మించితే ఆకాశం తిరిగిపోయి చుక్క సాగుద్ది. ఫోకస్‌కి అద్దం మీద పడుకున్న ఎనిమిది అంకె ఉంటుంది, దూరానికి అదే గుర్తు. ఇన్నేళ్ళ ఉప్పుగాలికి ఆ గుర్తు కూడా తప్పిందని తెలిసి, పక్క ఊరి దీపస్తంభాన్ని చూస్తూ అది సన్నటి మొనలా అయ్యేదాకా తిప్పి, కదలకుండా గుడ్డపీలిక చుట్టా. ఎక్కడా లోపం లేదు.

నొక్కా. బొమ్మలో చుక్కలు లేవు. జిలేబీలు ఉన్నాయి. ఒక్కో చుక్కా మెలికలు తిరిగి తోక విదిల్చినట్టుంది.

స్టాండు కదిలిందేమోనని మూడు కాళ్ళూ తెప్పకి కట్టేశా. నేను కట్టిన కట్టు సంగతి ఊరందరికీ తెలుసు. మళ్ళీ జిలేబీలే. ఇంకా రెండు తాళ్ళు చుట్టా. ఇంకా పెద్ద జిలేబీలు.

"అద్దం చెడిపోయింది" అన్నా.

"అద్దం కాదు. ఊరు ఊగుతోంది" అంది వజ్రమ్మ.

నాకు చెవుల్లో సీసం పోసినట్టయింది. మా ఊళ్ళో ఆ మాట అనరు. గట్టు నుంచి పొట్టపట్టుకుని వచ్చి తెప్పలు కట్టుకున్న మొదటిరోజే పెద్దలు అనుకున్నారు, ఊరు ఊగుతుందన్న మాట ఏ ఇంట్లో వినపడకూడదని. అంటే ఊరు విడిపోతుందట. అయినా ఊగదు. ఊగితే నేనెందుకు? తాళ్ళు ఎవరు కట్టారు?

"మా ఊరు ఊగదు. ఇదేమన్నా ఉయ్యాలా?"

"పొద్దస్తమానం నా కడుపులో తిప్పుతుంటే తెలియదా నాకు?"

"నీ కడుపుకి జబ్బు."

"నీ తలకాయకి జబ్బు."

కెమెరా తీసుకుని వచ్చేశా.

వైశాఖ శుద్ధ ఏకాదశి. గాలి నైరుతి. వెన్నెల.

తాళ్ళు బాగున్నాయి. చాలా బాగున్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

వెన్నెల్లో చుక్కలు వెలిసిపోతాయి కాబట్టి ఫొటో పని లేదు. తొట్ల వైపు పోలేదు. ఆమె కూడా రాలేదు.

తాతారావు వచ్చి, "ఏంది బావా, పెళ్ళికొడుకు మొహం ఎండుచేపలా ఉంది?" అన్నాడు. పొమ్మన్నా. పోలేదు. మంచినీళ్ళు అడిగాడు. గ్లాసులో పోసిచ్చా. తాగి పోయాడు.

ఆ గ్లాసు కడుగుతుంటే ఒక మాట గుర్తొచ్చింది. వజ్రమ్మ కొత్తగా వచ్చినప్పుడు అడిగింది, మీ ఊళ్ళో ఎవరూ గ్లాసు నిండా పొయ్యరేం, అంత పిసినారులా అని. మర్యాద అని చెప్పా. మా ఊళ్ళో గ్లాసైనా గిన్నైనా ముప్పావే పోస్తాం. నిండా పోస్తే మొరటు మనిషంటారు. మా అమ్మ కూడా అట్టాగే... కాదు, మా అమ్మ గట్టు మనిషి. మా అమ్మ నిండా పోసేది. పొర్లిపోయేటట్టు పోసేది.

తలుపు గడియపెట్టి గ్లాసు నిండా నీళ్ళు పోసి బల్ల మీద పెట్టా. ఎదురుగా కూచున్నా.

ముందు తూర్పు వైపు ఒక బొట్టు జారింది. కాసేపటికి పడమట ఒకటి. మళ్ళీ తూర్పున. బల్ల తడిసిపోయింది.

నేను కదలకుండా కూచున్నా. గ్లాసుని ఎవరూ తాకలేదు.

వైశాఖ పౌర్ణమి. గాలి తక్కువ.

పొద్దున్నే తొట్ల దగ్గరికి పోయా. వజ్రమ్మ గోంగూర కోస్తోంది. తలెత్తలేదు.

"నిండా పోస్తే ఒలుకుతోంది" అన్నా.

కొడవలి కింద పెట్టింది. నవ్వుద్దనుకున్నా. నవ్వలేదు. "పోనీలే. ఒలికినా మన నీళ్ళే" అని పక్కన చోటు చూపించింది. ఆ గోంగూర ఇద్దరం కోశాం.

ఇక పని సంగతి. స్టాండుని ఊరికి ఎంత గట్టిగా కడితే ఊరితోపాటు అంత ఊగుద్ది. కాబట్టి ఊరికి కట్టకూడదు. వల వేసిన చోట గుర్తుగా మేము ఒక పొడుగు గడని నీళ్ళలో నిలబెడతాం. కింద బరువు రాళ్ళు లోతుగా వేలాడతాయి, పైన కొంచెమే తేలుద్ది. అలలు దాని పక్కనుంచి పోతాయేగానీ అది తలకాయ ఊపదు. అట్టాంటి గడకి కెమెరా కడితే?

ఊరి నడిమధ్యన నడిబావి ఉంది. బావి అంటే తెప్పల మధ్యన వదిలిన ఖాళీ, చుట్టూ ఊరే కాపు కాబట్టి అక్కడికి పెద్ద అల రాదు. పాత తెరచాప గడ తెచ్చి, కింద రాళ్ళు కట్టి అందులో దించా. తెప్ప అంచున కూచుంటే కెమెరా చేతికి అందుద్ది. వెన్నెల్లోనే ఒకటి తీసి చూశా. జిలేబీ చిన్నదైంది. కామా అంత అయ్యింది.

"ఇంకా ఏదో కదుపుతోంది" అంది వజ్రమ్మ. నీళ్ళ వంక చూపించింది. గాలి లేదు, అల లేదు, అయినా నడిబావి నీళ్ళు వణుకుతున్నాయి. తాతారావు పంపులు ఒక పక్క కొట్టుకుంటున్నాయి. వంటతెప్ప మీద జనం నడుస్తున్నారు. ఎక్కడో రోకలి పోటు. ఆ అదురంతా తెప్పల్లోంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి గడలోకి వస్తోంది.

అంటే ఊరంతా ఆగాలి. పంపులు ఆగాలి, దీపాలు ఆర్పాలి, ఒక్క మనిషి నడవకూడదు. దానికి ఊరి కూటంలో అడగాలి. అడిగితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి.

"నేను చెప్పనా?" అంది వజ్రమ్మ.

"నువ్వు చెబితే గట్టు మనిషి మాట అంటారు. కట్టుకాపరే చెప్పాలి."

వైశాఖ బహుళ తదియ. గాలి లేదు.

కూటం అయ్యింది. ఇప్పుడే వచ్చా. ఉన్నదున్నట్టు రాస్తా.

ఊరిపెద్ద సరోజిని నా మేనకోడలు. గట్టిది. అందరూ కూచున్నాక, "చెప్పు మామయ్యా, ఏంది పని" అంది.

లేచి నిలబడ్డా. మళ్ళీ కూచుందామా అనిపించింది. తుపాన్లలో నడుముకి తాడు కట్టుకుని తెప్పల మధ్య దూకినవాణ్ణి, ఎప్పుడూ ఇట్టా కాలేదు.

"మన ఊరు ఊగుతోంది" అన్నా.

వెనక నుంచి ఎవరో "అపచారం" అన్నారు. ఇంకెవరో, "ఊరు ఊగితే కట్టుకాపరి ఏం చేస్తున్నట్టు?" అన్నారు.

"అదే అడగండి. తాళ్ళు బాగానే ఉన్నాయి. తాళ్ళు ఎంత బాగున్నా నీళ్ళ మీద ఉన్నది ఊగుద్ది. ఊగుతానే ఇన్నేళ్ళూ విడిపోకుండా ఉన్నాం. నన్ను పనిలోంచి తీసెయ్యాలంటే తీసెయ్యండి. కాకపోతే బహుళ సప్తమి తర్వాత తియ్యండి, అప్పటిదాకా నాకు పనుంది."

అప్పుడు ఉప్పుచేపల సూరమ్మత్త లేచింది. నాకంటే పెద్దది. "ఒరే అంకాలూ! మా ఆయన పోయేదాకా రోజూ తగాదా పడ్డా, తాగొచ్చి తూలుతున్నావని. ఆయన తాగలేదని ఒట్టు పెట్టేవాడు. ఇప్పుడా చెప్పేది?" అంది.

మొదట సరోజిని నవ్వింది. పెద్ద ఆగలేక నవ్వితే ఇంకెవరు ఆగుతారు? ఒకాయన తన ఇంట్లో గోళీ ఎప్పుడూ ఒక చోట నిలవదని, దయ్యమనుకుని తాయెత్తు కట్టించానని చెప్పాడు. ఒకావిడ గోడకి తగిలించిన పటాలు రోజూ సరిచెయ్యలేక ఛస్తున్నానంది. పంతులు లేచి, హారతి పళ్ళెం తన చేతిలో ఎందుకు వణుకుతుందో ఇన్నాళ్ళకి తెలిసిందన్నాడు. భక్తి అనుకున్నాడట.

నవ్వులయ్యాక అరుంధతి సంగతి, వజ్రమ్మ షరతు చెప్పా. షామియానా సంగతి మాత్రం చెప్పలేదు, అది ఆమెది. ఆమే లేచి చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పంపులు ఎంతసేపు ఆపొచ్చు?" అని అడిగింది సరోజిని.

తాతారావు గెడ్డం గోక్కున్నాడు. "అన్నం వార్చినంత సేపు. ఆపైన అడుగు తెప్పల్లో నీళ్ళు నిలుస్తాయి. బావ పెళ్ళి కోసం ఊరు ముంచలేను."

"చాలు" అన్నా.

నా పని సంగతి ఎవరూ ఎత్తలేదు. సూరమ్మత్త మాత్రం దారిలో ఆపి, "మా ఆయనకి నువ్వే క్షమాపణ చెప్పాలి" అని వీపు మీద ఒకటి చరిచింది.

వైశాఖ బహుళ సప్తమి.

పొద్దున మబ్బు పట్టింది. వజ్రమ్మ మధ్యాహ్నం దాకా తొట్లకి నీళ్ళు పోస్తానే ఉంది, పెళ్ళికూతురువి నువ్వేనా అని అందరూ ఎగతాళి చేశారు. పొద్దు వాలే వేళకి ఉత్తరపు గాలి ఒకటి వచ్చి మబ్బుని ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత అదీ పడిపోయింది.

నడిబావి చుట్టూ ఊరంతా చేరింది. నేను పంచె మడిచి కట్టుకుని తెప్ప అంచున కూచున్నా. పక్కన వజ్రమ్మ, ఆకుపచ్చ చీరలో. అటుపక్క పంతులు తాళి పళ్ళెంతో ఉన్నాడు. చక్రం రెండు కొండల మీద పెట్టా. కంటిపాప రెండు మెట్లు మూశా. కారం మధ్యస్థంగా ఉంచా. రెప్ప ఎనిమిది సెకన్లు. ఫోకస్ పీలిక చుట్టినట్టే ఉంది. నొక్కిన వేలు అదురు పోవడానికి టైమరు పెట్టా, వేలు తీశాక కాసేపాగి అదే తీసుకుంటుంది.

సరోజిని చెయ్యెత్తింది. వరస వరసగా దీపాలు ఆరాయి. తాతారావు పంపులు ఒక్కోటీ ఆగాయి. ఆఖరిది గుర్రుమని ఆగాక ఒక చప్పుడు వినపడింది. అదేందో ముందు అర్థం కాలేదు. సముద్రం. పంపుల చప్పుడు లేకుండా సముద్రం ఎట్టా ఉంటుందో ఎన్నడూ వినని వాళ్ళు సగం ఊరు ఉన్నారు. అందరూ ఉన్నచోటే కూలబడ్డారు. తలలన్నీ పైకి లేచాయి. అంత ఆకాశం ఉందని దీపాల కింద బతికే మాకేం తెలుసు?

నొక్కి చెయ్యి తీశా. కెమెరా రెప్ప ఎత్తింది.

తాతారావు తుమ్మాడు.

మామూలు తుమ్ము కాదు. తెప్ప అదిరింది. బొమ్మలో ప్రతి చుక్కకీ ఒక కొక్కెం పడింది.

"నీ ముక్కు కొయ్యా!" అన్నా.

"బావా, ఆపుకున్నా బావా, పైకి చూస్తే వచ్చేసింది" అన్నాడు. సూరమ్మత్త కొంగుతో అతని ముక్కూ నోరూ కలిపి మూసేసి, "ఇక కానీ" అంది.

మళ్ళీ నొక్కా. చెయ్యి తీశా. రెప్ప లేచింది. ఎవరూ ఊపిరి తియ్యలేదు. నడిబావి నీళ్ళలోకి చూశా. అందులో చుక్కలు ఉన్నాయి. నలగకుండా, గుండుసూది మొనల్లా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ నీళ్ళలో చుక్క నిలబడటం నేను చూడలేదు. రెప్ప వాలింది.

గడ మీద నుంచి కెమెరా విప్పి, బొమ్మ చూడకుండానే వజ్రమ్మ చేతికిచ్చా. చూసే ధైర్యం లేక. పెద్దది చేసి చూసే బొత్తాం ఎక్కడుందో చూపించా. కళ్ళజోడు తీసేసి ముక్కుకి ఆనించుకుంది. ఆ వెలుతురు ఆమె చెంప మీద పడింది.

పంతులుకి అలవాటు కదా, "కనపడిందా అమ్మా?" అన్నాడు.

"ఉండండి" అంది.

ఊరంతా ఉంది. తాతారావు పంపుల వైపు చూస్తున్నాడు, సూరమ్మత్త కొంగు మాత్రం వదల్లేదు. వజ్రమ్మ బొమ్మని అటు జరిపింది, ఇటు జరిపింది. ఒకచోట ఆగింది. వేలితో తాకబోయి వెనక్కి తీసుకుంది.

"పెద్దదొకటి ఉంది. దాని పక్కన ఇదిగో, చిన్నది. అతుక్కోలేదు. మధ్యలో నలుపు ఉంది." ముక్కు ఎగబీల్చింది. తర్వాత అందరికీ వినపడేటట్టు, "కనపడింది" అంది.

ఎవరో ఈల వెయ్యబోతే సరోజిని కసిరింది. "తాళి పడేదాకా ఎవరూ కదలొద్దు!"

పంతులు పళ్ళెం ముందుకు జరిపాడు. తాళి అందుకుని ఆమె మెడ వెనక్కి చేతులు పోనిచ్చా. బతుకంతా ముళ్ళు వేసినవాణ్ణి. తుపానులో, కళ్ళు మూసుకుని, పళ్ళతో కూడా వేశా. ఈ దారం మాత్రం వేళ్ళకి చిక్కలేదు. ఒకసారి జారింది. మళ్ళీ జారింది.

"ఏందయ్యా?" అంది మెల్లగా.

"ఊరు ఊగుతోంది" అన్నా.

"ఊరు ఊగట్లేదు. నువ్వే" అంది.

మూడు ముళ్ళూ పడ్డాయి. ఇవాళ తాళ్ళు చూడలేదు.